ప్రభుబల్లకు వెళ్ళబోయిన సీసా

ఆదివారం పొద్దున్నే గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని మార్త వంటింట్లోకి వచ్చేసరికి, కూతురు అనుగ్రహ బాల్కనీలో ఫోన్ పట్టుకుని మంతనాలు సాగిస్తోంది. "మల్లెపూల టీలో లిచీ రసం... హా, ఠీక్ హై, అల్లం మాత్రం తక్కువ." ద్వారకలోని ఆ ఫ్లాట్‌కి సాయంత్రం ఆఫీసు స్నేహితులు వస్తున్నారు. చైనావాళ్ళ కొత్త సంవత్సరం పేరుతో విందట. గుమ్మానికి అప్పుడే ఎర్ర లాంతర్లు వేలాడుతున్నాయి.

"టీ పార్టీయే కదమ్మా, నీకేం తోచదు. చర్చి అయ్యాక అన్నయ్య దగ్గరికి ఘాజియాబాద్ వెళ్ళు, రేపు వచ్చేద్దువుగాని" అని అనుగ్రహ ముందే చెప్పింది. మార్త సరేనంది గానీ, ఆ మాట మింగుడుపడలేదు. హెడ్ నర్సుగా వార్డంతటినీ కనుసన్నల్లో నడిపిన మనిషి ఆమె. ఒక్క టీ పార్టీకి పనికిరాకుండా పోయానా అనుకుంది. నా ఇంగ్లీషు విని సిగ్గుపడుతోంది కాబోలని కూడా అనుకుంది.

నెల మొదటి ఆదివారం, చర్చిలో అందరూ రొట్టె, రసం పుచ్చుకునే ప్రభుబల్లకు ద్రాక్షారసం తీసుకెళ్ళే బాధ్యత మార్తది. బాధ్యత అని ఊరికే అనడం, ఆమె దాన్ని హక్కుగానే చూసుకుంటుంది. నల్లద్రాక్ష తనే కడిగి, ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఖాళీ స్క్వాష్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఆ పనిలో ఇంకెవరినీ వేలు పెట్టనివ్వదు. ఇప్పుడు సీసా సంచిలో పెట్టుకోబోతూ, అలవాటుగా మూత తిప్పి వాసన చూసింది. గుప్పున కొట్టింది. ఫ్రిజ్‌లోకి వంగి చూస్తే, వెనకాల అచ్చం అలాంటి సీసాయే ఇంకోటి ఉంది. తను పెట్టింది అది.

"అనూ! ఇదేంటే?"

పరుగున వచ్చిన అనుగ్రహ ముఖం పాలిపోయింది. "ప్లమ్ వైనమ్మా... పార్టీకి. అసలు సీసా చూస్తే అడుగుతావని ఇందులో పోశాను."

"ఇంకాసేపుంటే ఇది పాస్టర్‌గారి చేతిలో ఉండేదే! మందులు వాడే ముసలివాళ్ళు, తాగుడు మానుకుని ఏడుస్తూ మోకాళ్ళ మీదికొచ్చినవాళ్ళు... వాళ్ళందరి నోట్లో నేనే పోసినట్టయ్యేది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"సారీ అమ్మా. అంతదూరం ఆలోచించలేదు."

"ఇంకేం దాచావో అదీ తియ్యి."

అల్మారాలో దుప్పట్ల కిందనుంచి తెల్లటి పింగాణీ సీసా బయటికొచ్చింది. "బైజియు. చైనా సారా, జొన్నలతో కాస్తారట. మా ఆఫీసు మైథిలి షాంఘైలో పనిచేసొచ్చింది కదా, తనే తెచ్చింది."

మార్త కుర్చీలో కూలబడింది. "ఇందుకా నన్ను ఘాజియాబాద్ తోలేస్తున్నావు?"

"నువ్వు చూస్తే ఏడుస్తావని!"

"ఏడ్చేదాన్నే. ఏడిస్తే పక్కన కూర్చుని కళ్ళు తుడిచేదానివి. తాగుడంటే నాకు పడదు, నిజమే. అంతమాత్రాన నిన్ను గెంటేస్తానా? నీ వాళ్ళ కళ్ళకి నేను కనపడకూడనిదాన్ని అయిపోయాననుకుని ఎంత కుమిలిపోయానో తెలుసా?"

"నిన్ను చూసి నాకు సిగ్గా? పిచ్చా అమ్మా?" అనుగ్రహ నేలమీద చతికిలబడి తల్లి ఒళ్ళో తలపెట్టింది. "నువ్వు ఇంట్లో ఉంటే సీసా మూత తియ్యడానికి చెయ్యి రాదు నాకు. అంతే."

మార్త కూతురి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి చిక్కులు తీసింది. చివరికి అనుగ్రహే లేచి, ఫ్రిజ్‌లోంచి ద్రాక్షారసం సీసా తీసి తల్లి ముక్కు దగ్గర పెట్టింది. "చెక్ కర్లో, సిస్టర్‌గారూ. నేనే కార్లో తీసుకెళ్తాను."

ఘాజియాబాద్ ప్రయాణం ఆగిపోయింది. చర్చినుంచి వచ్చాక తల్లీకూతుళ్ళు భోజనాల బల్ల దగ్గర సీసాలు ముందేసుకుని కూర్చున్నారు. బైజియు వాసన చూసి మార్త ముక్కు మూసుకుంది.

"ఇది మా వార్డు డ్రెస్సింగ్ ట్రాలీలో స్పిరిట్ వాసనే తల్లీ! దీన్ని మనుషులకి పోస్తారా?"

"అందుకేగా మల్లెపూల టీలో, లిచీ రసంలో కలిపేది."

"అయితే మూతెడే పొయ్యి. వైన్‌లో ఐసు ఎక్కువ వెయ్యి. బండి నడిపేవాళ్ళకి మాత్రం చుక్క లేదు, వాళ్ళకి నేనే చేస్తా." చర్చికి పోను గిన్నెలో మిగిలిన ద్రాక్షరసంలో చల్లటి మల్లెపూల టీ, కాస్త అల్లం కలిపింది. అనుగ్రహ గుటకేసి చూసి, పార్టీ మెనూలో మొదటి పేరు దీనిదేనంది. ఆ తర్వాత మార్త తెల్ల ప్లాస్టర్ ముక్కలు చించి ప్రతి సీసాకీ అంటించి, ఏది ఏదో పెద్దక్షరాలతో రాసింది.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. మార్తకి నడిమి కుర్చీ వేశారు, చేతిలో తను చేసిన రసమే పొడుగాటి గ్లాసులో ఉంది. ఆమె ఇంగ్లీషుకి ఎవరూ నవ్వలేదు, ఆమె వార్డు కబుర్లకి మాత్రం పడీపడీ నవ్వారు.

"ఆంటీ, చైనాలో గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవాళ్ళ గ్లాసు పెద్దవాళ్ళ గ్లాసుకన్నా కిందుండాలి" అంది మైథిలి. అందరూ వంగి వంగి వచ్చి తాకించారు. అనుగ్రహ మాత్రం ప్లమ్ వైన్ గ్లాసు పట్టుకుని దూరంగా నిలబడిపోయింది.

"అక్కడే నిలబడ్డావేం? ఇలా రావే" అంది మార్త.

అనుగ్రహ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది. గ్లాసు వెనక్కి దాచుకోలేదు. కిందికి, ఇంకా కిందికి, దాదాపు నేలకి ఆనేదాకా దించింది. మార్తే ముందుకు వంగి తన గ్లాసు తాకించాల్సివచ్చింది.

"చాల్లేవే, ఒలికిపోతుంది" అంది గానీ, మార్త కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అనుగ్రహ గ్లాసు కింద పెట్టి, చున్నీ అంచుతో తల్లి కళ్ళు తుడిచింది.