వాకిలి లేని దొడ్డి

మామ పోయిన ఏడాదికి ఆయన తోలుసంచి కుట్టు విప్పుతుంటే, ఓబుళమ్మ ఒళ్లో ఒక మేకతోలు ముక్క రాలి పడింది. దాని మీద వాతలు పెట్టినట్టు గీసిన గుర్తులు: ఒక గుహ, మూడు రాతిగుండ్లు, వంకరదారి, ఆ చివర గుండ్రటి గీత.

“మందను బతికించే నిధి దాచినానని నాయన చెప్పేది ఇదే వదినా!” మరిది కుళ్లాయప్ప గంతేశాడు. “ఈ గుండ్రంగా ఉండేది మన గొర్రెలదొడ్డి. ఈడ బయలుదేరితే గుహలో బంగారమే!”

ఊరి చుట్టూ ఇసుక దిబ్బలు. బావులు ఎండి నెలయింది. నాలుగు రోజుల్లో నీటికి దారి దొరక్కపోతే మందను సంతకు తోలాల్సిందే.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ ఆ మూడు గుండ్లు ఉండే, ఎండిన ఏటి ఒడ్డు రక్షిత అడవికి చేరారు. కాపలాదారు మద్దిలేటి వెంట నడిచాడు. “చూసిరావచ్చు అక్కా. ఒక్క రాయి కూడా తీయకూడదు. గొర్రె అడుగు పడకూడదు.”

ఎడారిలాంటి ఆ నేలలో అడవి ఒక్కటే పచ్చగా ఉంది. మూడు గుండ్లు దాటి, ముళ్ల పొదల్లో దూరి, గుహలోకి దిగారు. లోపల బంగారం లేదు. చాపంత మడుగు, అందులో పిల్లలతో ఆడుకుంటున్న నీటికుక్కలు.

కుళ్లాయప్ప కూలబడ్డాడు. “నీళ్లుండాయి, మందను తేలేము. ఇంకేం మిగిలె?”

అంతలో గుహ వాకిట నల్లటి నీడ కదిలింది. దప్పికతో వచ్చిన ఎలుగుబంటి!

“అరవొద్దండి!” మద్దిలేటి గుసగుసలాడాడు. “దాని దారి దానికి వదలండి. ఆ చీలికలోకి పాకండి!”

మడుగు నుంచి సన్నటి నీటిధార రాతి చీలికలోకి పోతోంది. మోకాళ్లు చెక్కుకుపోతున్నా దాని వెంటే ముగ్గురూ పాకారు. వెనక ఎలుగు గురగురమంటూ నీళ్లు తాగుతోంది. చీలిక అవతల ఎండ కళ్లలో పడింది. నీటిధార ఇసుకలో ఇంకిపోయింది.

ఓబుళమ్మ తోలుముక్కను మళ్లీ చూసింది. ఫక్కున నవ్వింది.

“ఎందుకు నవ్వుతావు వదినా, ప్రాణం పోతా పోతా నిలిచింటే!”

“అబ్బీ, దొడ్డిని వాకిలి లేకుండా ఏ గొల్లోడు గీస్తాడు? ఈ గుండ్రానికి సందే లేదు. ఇది చెలమ, ఏట్లో తోడుకునే గుంత! పొద్దున్నే మీ నాయన మంద ఎటు పోతే అటే పోయేటోడు. సాయంత్రం తిరిగొచ్చే దారే గుర్తుపెట్టుకునేటోడు. దారి గుహకు కాదు, గుహనుంచి!”

గీతలు పట్టుకుని నడిచారు. వంకరదారి అడవి హద్దురాళ్లు దాటి, ఎండిన ఏటి మలుపులో ఆగింది. ముగ్గురూ చేతులతోనే ఇసుక తవ్వారు. భుజం లోతుకు వెళ్లేసరికి వేళ్లకు చల్లగా తగిలింది. ఊట నెమ్మదిగా నిండింది.

మద్దిలేటి దోసిట పట్టి తాగి, “అక్కా, ఈ పక్క హద్దు నాది కాదు,” అని మీసం తుడుచుకున్నాడు.

పొద్దు వాలేవేళకు మంద చెలమ చుట్టూ చేరింది. గొర్రెలన్నీ తాగాక, ఓబుళమ్మ దప్పికతో వచ్చే అడవి జంతువులకని అంచు మీద ఒక చిప్పనిండా నీళ్లు వదిలి, తోలుముక్కను మళ్లీ మామ సంచిలో పెట్టి కుట్టేసింది.