జేబు అడుగున ఎర్ర దారం

టాన్‌బార్క్ ఊళ్లో పిస్తోలు పెట్టుకుని తిరగడం నేరం కాదు, దాచుకుని తిరగడమే నేరం. నలుగురికీ కనబడేలా నడిస్తే పెద్దమనిషి, కోటు మాటున పెడితే దొంగబుద్ధి. కెంటకీ కొండల్లో ఆ రోజుల్లో చట్టమూ అదే అనేది, జనమూ అదే అనేవారు.

అయితే ఎంత కనబడితే కనబడినట్టు? చట్టం చెప్పలేదు కాబట్టి ఊరే తేల్చుకుంది. గొట్టం కొన రెండు వేళ్లంత బయటికుంటే చాలు. అందుకని ఇల్లాళ్లు మగవాళ్ల కోటు జేబు అడుగున చిన్న చీలిక కోసి, అంచంతా కాజా కుట్టు వేసేవారు. పాత షెరీఫులందరూ ఆ కొన చూసి టోపీ ఎత్తి పలకరించి వెళ్లేవారే.

1956 వసంతంలో ఒక బుధవారం ఎజ్రా టల్లీ అనే డెబ్బై ఏళ్ల రైతు డిటెక్టివ్ హెస్టర్ ప్రూయిట్ ఆఫీసుకు వచ్చాడు. ఆమె సహాయకుడు లోవెల్ కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"కూర్చోండి ఎజ్రా గారూ," అంది హెస్టర్. "టోపీ ఏం తప్పు చేసిందని అలా పిండుతున్నారు?"

"సంతలో కొత్త డిప్యూటీ నన్ను పట్టుకున్నాడమ్మా. పిస్తోలు దాచానంట. ఇరవై ఏళ్లుగా అదే కోటు, అదే జేబు, చూడకుండానే పెట్టేసుకుంటాను. సోమవారం జడ్జిగారు నా మనవరాలు ఎవరి దగ్గరుండాలో తేలుస్తారు. ఈ మచ్చ ఉంటే నెల్‌ను మేనమామ డోర్సీకి ఇచ్చేస్తారు. కొడుకూ కోడలూ పోయాక నాకు మిగిలింది ఆ పిల్లొక్కతే."

కోటు షెరీఫ్ ఆఫీసులో ఉంది. డిప్యూటీ బ్రాకెన్ దాన్ని బల్ల మీద పరిచాడు.

"నేను చదివింది చట్టం పుస్తకం అమ్మగారూ. మీ ఊరి వేళ్ల కొలత అందులో లేదు. పోనీ ఉందనుకున్నా, ఇక్కడ వెంట్రుకంత కూడా కనబడలేదు."

నిజమే. జేబు అడుగు చీలిక ఎర్ర దారంతో మూసుకుపోయి ఉంది. జేబు లోపల ఎప్పుడో తోలు వేసి చుట్టూ కుట్టేశారు, బయటికి తిరగదు. హెస్టర్ సూది తీసుకుని చెయ్యి లోపల పెట్టింది. వేళ్లు వంచడానికి చోటు లేదు.

"ముడులన్నీ లోపలే ఉన్నాయి. లోవెల్, నువ్వు చూడు."

అతని చెయ్యి మెటికల దగ్గరే ఇరుక్కుపోయింది. డిప్యూటీ నవ్వు ఆపుకున్నాడు.

"ఎజ్రా గారి భార్య ఓపల్ గారు కోసిన చీలిక ఇది," అంది హెస్టర్ మెల్లగా. "ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ దారం మాత్రం కొత్తది."

ఇది డోర్సీ పనేనని లోవెల్‌కు సందేహం లేదు. డోర్సీ గుర్రపు జీనులు కుట్టి బతుకుతాడు, ఎంత దిట్టమైన తోలైనా అతనికి లెక్కలేదు. ఇద్దరూ అతని కొట్టుకు వెళ్లారు.

"ముసలాయన ఇంటి గడప తొక్కి ఏడాదైంది," అన్నాడు డోర్సీ, చేటల్లాంటి చేతులు తుడుచుకుంటూ. "పిల్లకు గౌను గుడ్డ పంపితే తిప్పి పంపాడు. తన జేబులో ఏముందో తనకే కనబడదు గానీ ఆడపిల్లను పెంచుతాడంట."

ఎజ్రా ఇంట్లో ఎనిమిదేళ్ల నెల్ వాళ్లకు మజ్జిగ, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. గూట్లో గడియారం మీద దుమ్ము. పక్కనే ఉన్న కుట్టుపెట్టె మూత మాత్రం మెరుస్తోంది.

"ఎవరిదమ్మా ఆ పెట్టె?"

"నాన్నమ్మది. చర్చిలో ఆదివారం బళ్లో మాకు కుట్టు నేర్పుతున్నారు," అంది నెల్ గర్వంగా.

హెస్టర్ మజ్జిగ తాగేసి లేచింది. దారిలో ఆమె నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టెయ్యడం చూసి, కేసు తేలిందని లోవెల్‌కు అర్థమైంది. ఎలా తేలిందో మాత్రం అర్థం కాలేదు.

సోమవారం ఉదయం జడ్జి మాడక్స్ గదిలో అందరూ చేరారు. హెస్టర్ కోటు ఎత్తి చూపింది.

"ఇది పగతో చేసిన పని అనుకున్నాం. కానీ పగవాడైతే కోటు రంగు దారం వాడతాడు. పైగా ఈ కుట్టు లోపలి నుంచి వేశారు. డోర్సీ చెయ్యి అందులో దూరదు, నాదీ ఆడదు. చిన్న చెయ్యి కావాలి. కొత్తగా కుట్టు నేర్చుకుంటూ వేలికి సూది గుచ్చుకున్న చెయ్యి."

నెల్ గుడ్డ చుట్టిన వేలు వెనక్కి దాచుకుంది.

"చిల్లు పడిందనుకున్నా తాతా. నీ చిల్లర జారిపోతుందని కుట్టాను. నీ అంతట నువ్వే చూసుకుంటావని చెప్పలేదు."

ఎజ్రా కళ్లు తుడుచుకున్నాడు.

"దాచాలన్న తలంపే లేనివాడు దాచినట్టా, హెస్టర్?" అన్నాడు జడ్జి.

"దేవుడైతే మనసు చూస్తాడు జడ్జిగారూ. మనకు కనబడేది కోటే. కనీసం దాన్నైనా అడుగుదాకా చూడాలి కదా."

జడ్జి, కొన కనబడని పిస్తోలు బరువుకు వేలాడుతున్న తన కోటు అంచును కుర్చీ చాటుకు మెల్లగా లాక్కుని కేసు కొట్టేశాడు. పిల్ల తాత దగ్గరే ఉండాలన్నాడు. డోర్సీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ గౌను గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారైనా పుచ్చుకుంటావా?"

"పట్రా," అన్నాడు ఎజ్రా. "కుట్టే మనిషి ఇంట్లోనే ఉంది."

బ్రాకెన్ కోటుతో పాటు కత్తెర కూడా అందించాడు. "ఆ దారం కోసెయ్యండి తాతగారూ. లేకపోతే రేపు మళ్లీ పట్టుకోవాలి."

ముసలాయన వేలితో ముందు కాజా కుట్టు తడిమాడు, తర్వాత ఎర్ర దారం తడిమాడు. కత్తెర తిరిగి ఇచ్చేశాడు.

"అది ఓపల్ చెయ్యి, ఇది నెల్ చెయ్యి. ఒకదాని కోసం ఇంకోటి ఎలా కోస్తాను బాబూ? పిస్తోలు ఇంట్లో మేకుకు ఉంటుందిలే."

ఆ తర్వాత ఆ జేబులో పిప్పరమెంటు బిళ్లలే ఉండేవి. చర్చి మెట్ల మీద ఊరి పిల్లలందరూ ఆ జేబు చుట్టూ మూగేవారు. ఎజ్రా బతికినన్నాళ్లూ అందులోంచి ఒక్క బిళ్ల కూడా జారిపడలేదని లోవెల్ ఇప్పటికీ చెబుతాడు.