ఏడుగురు మనుషులు, పదిహేను చేతులు

ఆ ఉదయం కూడా సెక్రటరమ్మ మొగుడి తెల్లచొక్కాను బాల్కనీ తీగ మీద ఆరేసి, కింది అంచును లోపలికి మడిచి క్లిప్పు పెట్టింది. ఆ చొక్కాకు ఆరు గుండీలు తెల్లవి, అట్టడుగుది ఎర్రది. ఆయన చొక్కాలన్నిటికీ అంతే. ఆయన ఆ గుండీని ప్యాంటులోకి దోపి దాచేవాడు, ఆమె ఆరేసేటప్పుడు మడిచి దాచేది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఉతికే చేతికి తెలియని గుండీ ఉంటుందా? తెలుసు. తెలుసు కనుకనే నోరెత్తలేదు.

వీధి మొత్తం ఆమెను సెక్రటరమ్మ అనే పిలిచేది. చొక్కాల ఫ్యాక్టరీ మహిళా సంఘం పుట్టిన నాటి నుంచీ ఆమే సెక్రటరీ. ఫ్యాక్టరీ నుంచి రిటైరయింది గానీ సంఘం నుంచి కాలేదు. మొగుడు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు పేర్చినంత కాలం పేర్చి, కంప్యూటర్లు వచ్చాక మాటలు పేర్చడం మొదలుపెట్టాడు. "నాది అచ్చుపని, మా ఆవిడది కుట్టుపని. నా అచ్చులో తప్పులుంటే దిద్దుకోవచ్చు. ఆవిడ కుడితే మాత్రం మందు లేదు!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. సెక్రటరమ్మ నిజంగానే కుట్టినంత చూపు చూసేది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లైబ్రరీలో పాత కాగితాలు, ఫోటోలు భద్రపరిచే ఉద్యోగం చేస్తుంది. ఏళ్ళు ముప్పై అయిదు వచ్చినా ఇంట్లో ఇంకా పాపే. సంఘం ముప్పై అయిదేళ్ళ చరిత్రను పుస్తకంగా తెస్తున్నారు. దాన్ని తయారుచేసే పని పాప నెత్తిన పడింది. ఆ సాయంత్రమే ప్రెస్సుకు పంపాలి. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా తెరలోకి తొంగి చూస్తోంది.

"అమ్మా, ఒకసారి ఇలా రా. ఈ ఫోటోలో ఎంతమంది ఉన్నారు?"

"ఏడుగురం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావుగా? హాల్లో గోడకు ఉన్నదేగా అది."

"ఏడుగురికి ఎన్ని చేతులు?"

"పొద్దున్నే ఇదేం లెక్కే? పద్నాలుగు."

"పదిహేనున్నాయి."

పేపరు వెనక నుంచి కంపోజిటరు అందుకున్నాడు. "సంఘమంటేనే చెయ్యీ చెయ్యీ కలపడం కదా పాపా! ఎక్కడో ఒకటి ఎక్కువ కలిసుంటుంది."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. పేపరు మాత్రం పేజీ తిరగడం మానేసింది.

పాప ఫోటోను పెద్దది చేసింది. సమ్మె నలభయ్యో రోజు, ఫ్యాక్టరీ గేటు ముందు తీసినది. అందరికంటే చివర సెక్రటరమ్మ. పాప అప్పుడామె కడుపులో ఐదో నెల. ఆమె ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. నడిమివేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి తొడుగు. మణికట్టు దగ్గర ఫోటో అయిపోయింది.

"అది మా లైన్ మేస్త్రమ్మది. పాపం, పోయింది కూడా," అంది సెక్రటరమ్మ.

"ఆవిడ రెండు చేతులతో బోర్డు పట్టుకుందమ్మా. ఇదిగో."

"అయితే ఇంకెవరిదో! మూడు వందలమందిమి. చేతులకు పేర్లు రాసి పెట్టుకున్నామా?"

"కోపం ఎందుకు? ముందుమాటలో నువ్వు రాసింది విను." పాప చదివింది. "ఇస్త్రీ సెక్షన్‌లో చేరిన ట్రాన్స్‌జెండర్ అమ్మాయి మన సంఘంలో సభ్యత్వం కోరుతున్నది. ఇది స్త్రీల సంఘం. మన చరిత్రలో ఇటువంటివారు ఎన్నడూ లేరు." తలెత్తింది. "లేరా అమ్మా?"

"ఆ పిల్ల మీద నాకేం పగ? కానీ మేం పడిన పాట్లు వేరు. కాన్పు సెలవు కోసం, మరుగుదొడ్డి తలుపుకు గడియ కోసం కొట్లాడాం. వీళ్ళు నిన్నగాక మొన్న వచ్చి..."

"నిన్నగాక మొన్న రాలేదు. మా లైబ్రరీలో ఏ కాలం కట్ట విప్పినా కనిపిస్తారు. రాజుల కొలువుల కాగితాల్లో ఉన్నారు, పోలీసు రికార్డుల్లో ఉన్నారు. పోలీసులు వాళ్ళ పేర్లు రాయడం ఏనాడూ మర్చిపోలేదమ్మా. మర్చిపోయింది మనమే. ఆడవాళ్ళ హక్కులని అరిచినవాళ్ళం."

"నాకు పాఠాలు చెప్పకు. సంఘం పెట్టింది నేను."

"సమ్మెలో ఎర్ర గుండీ ఎత్తు వేసింది కూడా నువ్వేనని పుస్తకంలో ఉంది. అది..."

"కాదు," అన్నాడు కంపోజిటరు.

పేపరు కిందికి దిగింది. ఆయన లేచి, గదిలో మంచం కింద నుంచి పాత అక్షరాల సొరుగు లాక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రెస్సు మూసేసిన రోజు గుర్తుగా తెచ్చుకున్నది. దాని అడుగు కాగితం ఎత్తి, నాలుగు వేళ్ళ వెడల్పున్న ఫోటో ముక్క ఒకటి తీసి లాప్‌టాప్ పక్కన ఆనించాడు.

ముక్కలో ఒక పొడవాటి మనిషి. నుదుటి మీద పెద్ద బొట్టు, నోరంతా నవ్వు, మణికట్టు దగ్గర తెగిన కుడి చెయ్యి. మిగతా చెయ్యి ఇటువైపు తెర మీద ఉంది.

"మా అక్క," అన్నాడాయన. "పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. నాకు ఊహ తెలిసేసరికే అక్క. పాపా, నీకు అత్త."

పాప ముక్కనూ తెరనూ మార్చి మార్చి చూసింది. "ఎవరు కోశారు?"

"కోసిన కత్తి నాది. కోయమన్న మాట మీ అమ్మది. పాతికేళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దాను తల్లీ. అచ్చుకాని తప్పు ఇదొక్కటే, దీన్ని దిద్దలేకపోయాను." అలవాటు చొప్పున నవ్వబోయాడు. ఇన్నేళ్ళూ ఈయన ఇంటినంతా నవ్వించింది ఈ సొరుగు చప్పుడు వినపడకుండానేమో అని సెక్రటరమ్మకు మొదటిసారి తోచింది.

ఆమె కుర్చీలో కూలబడింది.

గుండీల సెక్షన్‌లో పనిచేసేది కనుక ఆ ఆడబిడ్డను ఫ్యాక్టరీలో అందరూ గుండీలక్క అనేవాళ్ళు. ఆమె కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడేది కాదు. గుండీలక్క నోటికి మేనేజరు కూడా జడిసేవాడు. "కుట్టు మిషను దగ్గర తల వంచే ఈ పిల్ల మనుషుల దగ్గర వంచదురా, చేసుకో" అని తమ్ముడికి ఈ సంబంధం కుదిర్చింది కూడా ఆమే. సమ్మెకు ముందు ఎత్తు వేసిందీ ఆమే. "పని మానొద్దు. పని మానితే రేపే కొత్తవాళ్ళను తెస్తాడు. అన్నీ కుడదాం, చివరి గుండీ ఎర్రది కుడదాం" అంది. మూడు వేల తెల్ల చొక్కాలు, మూడు వేల ఎర్ర గుండీలు. సరుకు కదలలేదు. ఆ గుండీలు విప్పడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. మేనేజరు గేటుకు తాళం వేశాడు. గేటు బయట నలభై రోజులు. చివరి రోజు ఎండలో ఫోటోకు నిలబడితే సెక్రటరమ్మకు కళ్ళు తిరిగాయి. భుజం మీద చెయ్యి పడింది. "పడిపోకు. నేను పట్టుకున్నా."

గెలిచారు. పత్రికవాళ్ళు ఫోటో అడిగారు. గుండీలక్కను తీసెయ్యమని ఎవరూ అనలేదు. అంటారేమోనని, ఆడవాళ్ళ సంఘంలో ఈ మనిషేమిటని ఊరు నవ్వుతుందేమోనని, ఎవరూ అడగకముందే సెక్రటరమ్మ కోయించింది. సభ్యత్వ కార్డులు ఇచ్చే రోజున గుండీలక్క తల దువ్వుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది.

"అక్కా, ఇది ఆడవాళ్ళ సంఘం," అంది సెక్రటరమ్మ, తలెత్తకుండా.

"మరి నలభై రోజులూ నేనెవర్నే?"

సెక్రటరమ్మ వెనకనున్నామె పేరు పిలిచింది. ఆ నెలలోనే గుండీలక్క ఫ్యాక్టరీ మానేసింది. ఆ తర్వాత నుంచే మొగుడి చొక్కాలకు గుండీలు ఊడడం మొదలైంది. కుట్టుపని తెలిసిన పెళ్ళాం ఇంట్లో ఉండగా ఆయన బయట కుట్టించుకొచ్చేవాడు. ఎక్కడని ఆమె అడగలేదు. అడిగితే చెబుతాడు. చెబితే వినాలి.

"సంఘం సంఘమంటూ సగమే మిగిలాం," అని గొణిగాడు కంపోజిటరు.

పాప కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నిన్ను చూసి గర్వంగా పెరిగానమ్మా. స్కూల్లో ఎర్ర గుండీ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అవి నావి కావు, నీవీ కావు. వాళ్ళు కొత్తగా వచ్చారంటున్నావు. నువ్వు కోసేశావు కాబట్టి కొత్తగా కనిపిస్తున్నారు, అంతే."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. సెక్రటరమ్మ తల దించుకుంది. సభల్లో ఎంతమందిని తలెత్తుకు బతకమని చెప్పింది తను! తర్వాత లేచి బాల్కనీలోకి వెళ్ళింది. తీగ మీది తడి చొక్కా లాగి, మడత విప్పి, ఎర్ర గుండీ దారాన్ని పళ్ళతో కొరికింది. గట్టి కుట్టు, ఓ పట్టాన తెగలేదు.

"ఎక్కడుంటుంది?" అంది మొగుడితో. ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా.

*

బస్సు డిపో వెనక, మెట్ల కింద ఒక బల్ల, ఒక మిషను. చిరుగులు కుడుతూ, గుండీలు వేస్తూ నెరిసిన జుట్టుతో గుండీలక్క. విరిగిన కళ్ళజోడు కాడకు దారం చుట్టి ఉంది. తమ్ముడి వెనక నిలబడ్డ మనిషిని కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏరా, గుండీ ఊడదీసుకుని ఒక్కడివే వచ్చేవాడివి. ఇవాళ ఊరేగింపు తెచ్చావేంటి?"

సెక్రటరమ్మ తడి చొక్కా, ఊడదీసిన ఎర్ర గుండీ బల్ల మీద పెట్టింది. "వదినా," అంది.

మిషను ఆగింది.

ఫ్యాక్టరీలో అక్కా అంది, వెనక 'అది' అంది, పేరుతో పిలిచింది, పిలవడమే మానేసింది. ఉన్న వరసతో పిలవడం మాత్రం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

"నీ ఎత్తు నాదని చెప్పుకున్నాను. నిన్ను కోయించాను. ఎవరూ అడగలేదు వదినా, నేనే భయపడి చేశాను. సాయంత్రం పుస్తకం అచ్చుకు వెళ్తుంది. నువ్వు ఊ అంటే నిన్ను ఫోటోలో మళ్ళీ నా పక్కన చేరుస్తాం. అననంటే అదీ నీ ఇష్టం."

గుండీలక్క పాప అందించిన ఫోటో ముక్కను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "అబ్బో, అందగత్తెనే! చెయ్యి మాత్రం మీ ఇంట్లో వదిలేశారన్నమాట. దుమ్మైనా తుడిచావా ఏటా?"

"రోజూ," అంది సెక్రటరమ్మ. ఏడుపు ఆగలేదు.

"ఏడిస్తే అయిపోదు. నేనూ ఏడ్చాను, ఏమయింది?" గుండీలక్క గొంతు గరుకుగా ఉంది. పాప వైపు తిరిగింది. "నువ్వేనా కడుపులో ఉన్నది? విను. ఆ కంప్యూటర్‌లో అతుకు కనపడకుండా కలిపేస్తారటగా. కలపకు. ఎక్కడ కోశారో ఆ గీత కనపడాలి. కింద ఎవరు కోశారో రాయి. చిరుగు రఫ్ఫు చేసిన చొక్కా కొత్త చొక్కా కాదు."

"అలాగే అత్తా."

"కార్డు నాకొద్దు. ఈ వయసులో దాన్ని ఏ జేబులో పెట్టుకోను? ఇస్త్రీలో ఉన్న ఆ పిల్లకియ్యండి."

"ముందుమాటలో ఆ వాక్యం కొట్టేస్తాను," అంది సెక్రటరమ్మ.

"కొట్టెయ్యకు. అబద్ధం రాశానని దాని పక్కనే రాయి."

కంపోజిటరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇస్త్రీలోనే స్త్రీ ఉందే అక్కా. ఇంత తేలికైన మాట నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు చూడు."

"తట్టే ఉంటుంది. పెళ్ళాం ముందు అనలేకపోయావు," అంది గుండీలక్క. ఆయన తల దించుకున్నాడు. ఆమె చొక్కా దగ్గరికి లాక్కుని డబ్బాలో ఎర్ర దారం వెతికింది. సూదిని మరదలి వైపు చాపింది. "ఎక్కించు. నాకు ఆనడం లేదు."

ముప్పై ఏళ్ళు రోజుకు వందసార్లు చేసిన పని. సెక్రటరమ్మ దారం తడిపి, కొన నలిపి, కన్ను చికిలించింది. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. మళ్ళీ పోయింది. కళ్ళ నిండా నీళ్ళతో సూది రెండుగా కనిపిస్తోంది.

ఎడమ భుజం మీద ఒక చెయ్యి పడింది. నడిమివేలి ఇత్తడి తొడుగు చల్లగా తగిలింది.

"నిదానం," అంది గుండీలక్క. "నేను పట్టుకున్నా."