ఎనభై దగ్గర ఎక్కే వాచ్‌మన్

మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ పక్కన రోడ్డుందే — దాని పేరెత్తితేనే జనానికి ఒళ్ళు జలదరించేదట. చచ్చిపోయిన వాచ్‌మన్ ఇంకా డ్యూటీ దిగలేదని, చీకటి పడ్డాక జోరుగా పోయే బండ్లని పట్టుకుంటాడని చెప్పుకునేవాళ్ళు.

డ్రాయింగు మాస్టారు ఇదంతా కొట్టిపారేసేవాడు... కారు కొనేదాకా.

ఆయన భార్యకి పక్క ఊళ్ళో నర్సు ఉద్యోగం వచ్చింది. రోజూ తనే దింపి తీసుకొస్తానని ముచ్చటపడి పాత కారొకటి కొన్నాడు. తెచ్చిన రోజే అత్తగారు దాన్ని చక్రాలతో సహా తోమి తళతళలాడించింది.

"ఇది మొరాయిస్తే నేనక్కడే గది తీసుకుంటా, ఆదివారాలొస్తా," అని భార్య ముందే చెప్పేసింది. ఆవిడ లేని ఇంట్లో వారమంతా తనూ, అత్తగారూ... అమ్మో! తలచుకుంటేనే మాస్టారి గుండె జారిపోయేది.

మొదటి ప్రయాణం. పక్కన భార్య, వెనక అత్తగారు. చీకటి పడింది. ఊళ్ళో గతుకులు దాటి ఫ్యాక్టరీ గోడ దగ్గరికొచ్చేసరికి రోడ్డు తిన్నగా కనిపించింది. మాస్టారు జోరు పెంచాడు. అరవై... డెబ్బై... ఎనభై —

స్టీరింగు గడగడా వణికింది!

"ఎవరో... పట్టుకున్నారే..." అన్నాడు మాస్టారు.

"వాచ్‌మనే," వెనకనుంచి గుసగుసగా అత్తగారు. "మెల్లగా పోనివ్వండి బాబూ."

మెల్లగా పోనిచ్చాడు. వణుకు ఆగిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీ ఛాయలకే పోకుండా చుట్టుదారి పట్టాడు. ఎనభై రాగానే... మళ్ళీ అదే వణుకు!

"ఇంకేముంది! కారెక్కేశాడు," తేల్చేసింది అత్తగారు. భార్య ఫోన్ తీసింది. అద్దె గదులు వెతకడం మొదలెట్టింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

తిన్నగా మెకానిక్ షెడ్డుకే తోలాడు.

"డెబ్బైకి ఏమీ లేదు, ఎనభైకి స్టీరింగు ఊగుతోందా? అయితే మీ దెయ్యం ముందు చక్రాల్లో ఉంది సార్," అన్నాడు మెకానిక్, మొహంలో నవ్వన్నది లేకుండా. చక్రం విప్పి చూశాడు. "అన్నివైపులా బరువు సరిపోవాలని అంచున చిన్న సీసం ముక్కలు పెడతారు. అవేవీ?"

అత్తగారు కారులోంచి తల బయటపెట్టింది. "ఆ నల్ల బొడిపెలా? మురికనుకుని పీకేశా. బరువుగా ఉన్నాయి కదాని కర్టెన్ల అంచుల్లో పెట్టి కుట్టేశా. చూశావుటే, ఎంత గాలొచ్చినా కదలట్లేదు!"

కూతురు నెత్తి కొట్టుకుంది. మాస్టారు నోరెళ్ళబెట్టాడు.

కొత్త ముక్కలు పడ్డాయి. తిరుగుదారిలో ఫ్యాక్టరీ పక్కన ఎనభై మీద కారు వెన్నలా సాగిపోయింది. "గది వద్దులెండి," అని భార్య ఫోన్ బ్యాగులో పడేసింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

అయినా ఆ నల్ల బొడిపెల మీద కోపం చల్లారలేదు. అత్తగారు స్నానానికెళ్ళడం చూసి, కర్టెన్ల కుట్లు విప్పి ముక్కలన్నీ చెత్తబుట్టలో పారేశాడు.

దీపాలార్పి అందరూ పడుకున్నారు. కిటికీలోంచి గాలి వీచింది. మెల్లగా... చాలా మెల్లగా... కర్టెన్ లేచింది.

పక్క గదిలోంచి కెవ్వుమని కేక.

"బాబూ! కారు దిగి ఇంట్లోకొచ్చేశాడు!"