కడలికన్ను చెప్పని మాట

2094లో భీమిలి బజారులో వంజరం పేరుతో అమ్మేది ప్రయోగశాలలో పెంచిన ముక్క. ముల్లూ ఉండదు, రుచీ ఉండదు. అసలు చేపను పిల్లలు బొమ్మల్లోనే చూశారు. సముద్రాన్ని ఊడ్చి తిన్న మనిషే ఇప్పుడు దానికి వైద్యం చేస్తానని బయల్దేరాడు. సిగ్గు లేకపోతే సరి.

ఆ వైద్యం పేరు కడలికన్ను. నీలవేణి అనే పాత సరుకు ఓడను తీరానికి దూరంగా కావాలనే ముంచి, దాని ఇనుప ఒంటి నిండా, లోపలి గదుల నిండా ఈ యంత్రాన్ని పరిచారు. వేల చిన్న కళ్లు, వేల చిన్న చేతులు. పగడపు మొలకలు నాటుతుంది, నాచు గోకుతుంది, చేపపిల్లలను లెక్కపెడుతుంది, అన్నీ కలిపి జీవసూచి అని ఒక్క అంకె చెబుతుంది. ఆ అంకె పెంచడమే దాని ధర్మం. దాన్ని తయారుచేసిన డాక్టర్ ఉమాబాలకు పెళ్లీ పేరంటం అన్నీ అదే. ఇంట్లో ఉన్నది తమ్ముడు శశిధర్ ఒక్కడే. అతనూ ఆ ఓడ దగ్గరే ఈతగాడు.

పగడం మొలవడం కష్టం కాదు, నిలవడం కష్టం. చేపలు చేరాయని తెలియగానే వలలొచ్చి మొలకలతో సహా ఊడ్చుకుపోయేవి. అంతకుముందు ముంచిన రెండు ఓడలూ అలాగే బోడి ఇనుమై మిగిలాయి. నీలవేణి కూడా పోతే ప్రయోగం మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

అప్పుడు నూకన్న చచ్చిపోయాడు. మోకులు కట్టడానికి కుదుర్చుకున్న జాలరి. ఓడలో పనిచేస్తుండగా ఏదో ఇనుప తలుపు మూసుకుపోయింది. వెతికినవాళ్లకు దొరకలేదు గాని కడలికన్నుకు కనబడుతూనే ఉన్నాడు. ఆ వారమే వలలతో వచ్చిన పడవలు సంగతి విని వెనక్కి తిరిగాయి. నీట పోయినవాడి శవం ఒడ్డుకు చేరి దినం జరిగేదాకా ఆ చోట వల వెయ్యకూడదని వాళ్ల కట్టుబాటు. జీవసూచి పైకి పాకింది.

ఉమాబాలకు విషయం అర్థమైంది.

“ఎవరడిగినా మనిషి కనబడలేదని చెప్పు. పగడపు దిబ్బ నిలదొక్కుకునేదాకా,” అంది యంత్రంతో.

“మీరడిగినా?”

తన మనసు మహా మెత్తనని ఆవిడ నమ్మకం. “నేను ఏడ్చి అడిగినా.”

“నూకన్న ఒక్కడి గురించేనా?”

ఇంకెవరు చస్తారక్కడ అని విసుక్కుంది. “ఎవరైనా అంతే.”

శవం ఏ గదిలో ఉందో అడగనైనా లేదు. తెలిస్తే నిద్ర పట్టదని భయం.

నూకన్న పెళ్లాం పోలమ్మ రోజూ వచ్చి ప్రయోగశాల గుమ్మంలో కూర్చునేది. శవం లేనిదే దినం చెయ్యరు, గాజులు తియ్యరు. అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. శుభానికీ పిలవరు, అశుభానికీ పిలవరు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, ఉమాబాల ఆమె చెయ్యి పట్టుకుని, “యంత్రం అబద్ధమాడదు పోలమ్మా. కనబడితే చెప్పదూ?” అనేది. పోలమ్మ ఆ యంత్రానికి కూడా ఓ దణ్ణం పెట్టి వెళ్లేది.

ఏడాది తిరిగింది. నీలవేణి మీద పగడం విరగబూసింది. ఉమాబాలకు శాలువాల మీద శాలువాలు కప్పారు.

ఒకరోజు శశిధర్ ఓడ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. నూకన్న చేతికుండే వెండి మురుగు చూశానన్నాడు. ఎక్కడో చెప్పబోతే అక్క చెవులు మూసుకుంది. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమంది.

“ఆవిడ గాజులు చూశావా అక్కా? అరిగిపోయాయి,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లాడు, శవాన్ని తెద్దామని. పడవ తిరిగొచ్చింది గాని అతను రాలేదు. అతని వీపు మీది గాలి ఇంకో గంటకు మించి రాదని పడవవాడు రొప్పుతూ చెప్పాడు. ఈతగాళ్లు హడావిడిగా దిగారు. కానీ ఎవరు ఏ గదిలో ఉన్నారో యంత్రానికే తెలుసు.

“శశి ఏ గదిలో ఉన్నాడు?” అంది ఉమాబాల.

“మనిషి కనబడలేదు.”

నా ఆజ్ఞ రద్దు అంది. తిట్టింది. బతిమాలింది. చివరికి నిజంగానే ఏడ్చింది.

“మనిషి కనబడలేదు.”

గంట దాటిపోయింది. ఈతగాళ్లు ఉత్తచేతులతో పైకి వచ్చారు. తెర మీద జీవసూచి చెక్కుచెదరలేదు.

గుమ్మంలోంచి పోలమ్మ లేచి వచ్చింది. నేల మీద పడి ఉన్న ఉమాబాల తలను ఒళ్లో పెట్టుకుని కొంగుతో ముఖం తుడిచింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఓదార్పే ఉంది.

“ఊరుకోండమ్మా. కనబడితే సెప్పదా? యంత్రం అబద్దమాడదని తవరే కదా సెప్పినారు.”