నాగప్ప సంతకం

"'కౌజు' అనే విదేశీ గూఢచారి ఇవాళ సాయంత్రం ధర్మవరంలో అయిదున్నర రైలెక్కుతాడు. ఎక్కాడా, రాడార్ రహస్యాలు దేశం దాటినట్టే" అన్నాడు ఢిల్లీ నుంచి ఫోన్లో చీఫ్. "లోకల్ పోలీసులు సహకరిస్తారు."

కేంద్ర గూఢచారి క్రాంతి కుమార్‌కు ఆ చివరి వాక్యమే రుచించలేదు. విదేశీయులను ఏరే పనిలో ఠాణాలు కూడా చెయ్యి వేయాలని 2003లో వచ్చిన ఆ సర్క్యులర్‌ను అతడు రెండుసార్లు చదివాడు.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో అతడు భుజాన తువ్వాలుతో వ్యాపారి వేషంలో నిలబడ్డాడు. నల్లకళ్ళద్దాల సుందరి ఒకతె గూళ్ళ రాశిలో వేళ్ళు పెట్టింది.

"గూళ్ళు తడిగా ఉండాయే?"

"ఎండ తగిలితే సరిపోతాది."

కోడ్ కలిసింది. ఆమె స్వప్న. విదేశీ ముఠాకు నమ్మిన మనిషి. నిజానికి మన మనిషి.

"కౌజు పేరిప్పుడు రంగప్ప. నివాసపత్రం, రేషన్ కార్డు, ఓటరు కార్డు, అన్నీ ఉండాయి. అన్నీ ఒకే దినం పుట్టినాయి."

"అదెట్లా?"

"ఒక మండలాఫీసులో నాగప్ప అనే సాక్షి తెల్లకాగితాలకు ముందే సంతకాలు పెట్టి పోతాడు. పైన ఏమన్నా రాసుకోవచ్చు."

జీపు పెనుకొండ దాటుతుండగా సెల్‌ఫోన్ మోగింది. "సార్, విదేశీయుణ్ణి పట్టేసినాం!" అన్నాడు స్థానిక ఎస్సై.

ధర్మవరం ప్లాట్‌ఫాం మీద బేడీలతో నిలబడ్డవాడు సుఫల్. ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో చీరల అంచులకు డిజైన్లు గీస్తున్నవాడు.

"నాది ముర్షిదాబాద్ సార్. అది ఇండియాలోనే ఉండాది సార్" అని ఏడుస్తున్నాడు.

"బంగ్లా మాట్లాడతాడు సార్. ఇంకేం రుజువు కావల్ల? ఈ రైల్లోనే సరిహద్దుకు పంపిస్తాండాం."

"బంగ్లా మాట్లాడే భారతీయులు కోట్లమంది ఉన్నారయ్యా!"

"అందరినీ పట్టే సిబ్బంది మాకు యాడుండారు సార్?"

క్రాంతి ఎస్సైని వదిలి ప్లాట్‌ఫాం కలయజూశాడు. అవతల, కాగితాల్లేని కూలి ఆడవాళ్ళను కానిస్టేబుళ్ళు పక్కకు నెడుతున్నారు. తెల్లపంచె మనిషి ఒకడు ఫైలు తెరిచి, వరసగా మూడు పత్రాలు చూపించాడు. కానిస్టేబులు సెల్యూట్ చేశాడు.

ఈ జిల్లాలో పుట్టినవాడెవడూ రైలెక్కడానికి మూడు పత్రాలు మోసుకురాడు. క్రాంతి ఫైలు లాక్కున్నాడు. పేరు రంగప్ప, సాక్షి నాగప్ప. రైలు కూత వేసింది.

సుఫల్ పంచనామాకు సాక్షిగా వచ్చిన ముసలాయన పక్కనే ఉన్నాడు. ఆ కాగితం మీదా అదే సంతకం.

"ఏమప్పా నాగప్పా, ఈ రంగప్ప మీ ఊరాయనేనా?"

"సంతకం నాదే సార్. మనిషిని ఇప్పుడే చూస్తాండా."

"సుఫల్ విదేశీయుడని రాసిందీ నువ్వేనా?"

"నేను రాయలా. ఎస్సై సారు సంతకమడిగితే కాదంటామా? ఈయబ్బి ఆరేండ్లుగా మా ఈదిలోనే ఉండాడే!"

రైలు కదిలింది. తెల్లపంచె మనిషి మెట్టు మీదికి గెంతాడు. క్రాంతి అతడి మణికట్టు పట్టి కిందికి లాగాడు. చేతిగడియారం వెనకమూతలో రాడార్ రహస్యాల చిప్ దొరికింది. సుఫల్ బేడీలు విప్పి వాటినే కౌజుకు తగిలించారు. సుఫల్ ఎవరికీ నమస్కారం పెట్టకుండా ఇంటిదారి పట్టాడు.

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "సార్, రిపోర్టులో మా పేరు కూడా..."

ఢిల్లీ పంపిన ఫారంలో 'స్థానిక సహకారం' అని ఒక గడి ఉంది. క్రాంతి అందులో రాశాడు: "సంపూర్ణం. మాకూ, కౌజుకూ."