నడిపిది నీళ్లోసుకున్నది

"హబీబ్ భాయ్, లచ్చన్న ఖలాస్."

ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆసిమ్ కల్బాలో ఓ మంగలి షాపులో నిచ్చెనెక్కి ఏసీ విప్పుతున్నాడు. గల్ఫ్‌లో ఖలాస్ అనే మాటకి అర్థాలకేం కొదవ లేదు. డ్యూటీ దిగినా ఖలాస్, వీసా తీరినా ఖలాస్, మెస్‌లో కూర అడుగంటినా ఖలాస్. కానీ మాట్లాడుతున్న క్యాంపు వంటాయన ఏడుస్తున్నాడు.

"ఏమైంది భాయ్?"

"క్వారీ అంచు మీదికెల్లి జారి పడ్డడంట. ముదీర్, గా మేనేజర్, గట్లనే చెప్తున్నడు. పొద్దుగాల నాష్తా గుడ చెయ్యలే."

ఆసిమ్ నిచ్చెన దిగాడు. పొద్దున్నే తను ఆ మనిషితో మాట్లాడాడు. మాట్లాడి నవ్వాడు కూడా.

అతని జేబులోని కార్డు మీద పేరు హబీబుల్లా, ఏసీ టెక్నీషియన్. అసలు పేరు ఆసిమ్. సొంతూరు నెల్లూరు దగ్గర. జీతం ఇచ్చేది మాత్రం ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసు. మూడు నెలల కిందట బాస్ వేణుగోపాలరావు సెక్యూర్ లైన్‌లో ఇచ్చిన బ్రీఫింగ్ క్లుప్తంగా ఉంది.

"టార్గెట్ వోల్కర్. పాత తుపాకుల కలెక్టర్‌నని చెప్పుకుంటాడు. నిజానికి కొత్త తుపాకుల దళారి. ఫుజైరా కొండల్లో మూతపడ్డ క్వారీ ఒకటి లీజుకి తీసుకుని మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాలు కట్టిస్తున్నాడు. జనవరిలో షో. ఆహూతుల్లో రెండు దేశాల దూతలుంటారు. కొట్టుకు చస్తున్న రెండు దేశాలు, ఆ మర్నాడే కాల్పుల విరమణ మీద సంతకం పెట్టాలి. ఆ యుద్ధం ఆగితే వోల్కర్ వ్యాపారం మూతపడుతుంది. అర్థమైందా?"

"షోలో తుపాకులు పేలతాయా సర్?"

"గ్యాస్ గన్స్. మంట వస్తుంది, శబ్దం వస్తుంది, గుండు రాదు. కాగితాల మీద అంతా క్లీన్. ఆ కాగితాలే నాకు నచ్చలేదు."

దాంతోపాటు ఢిల్లీ ఒక బటన్ కెమెరా కూడా పంపింది. ఎంతో గొప్ప వస్తువు. వచ్చిన రెండో వారానికే లాండ్రీవాడు ఆ చొక్కాను ఇస్త్రీ చేశాడు. ఇక ఆసిమ్‌కి మిగిలిన కళ్లు లచ్చన్నవే.

లచ్చన్నది జగిత్యాల వైపు పల్లె. క్వారీలో హెల్పర్. ఇసుక మూటలు పేర్చడం, తుపాకులు మోయడం, పైన టార్పాలిన్ కప్పడం అతని పని. ఆసిమ్ అతనికి చెప్పింది ఒక్కటే. "కొత్తగా ఏం కనిపించినా ఫోన్ చెయ్ అన్నా. పక్కన ఎవరన్నా ఉంటే ఇంటి ముచ్చట చెప్పినట్టు చెప్పు." అతని ఇంటి సంగతులు ఆసిమ్ ఎన్నడూ అడగలేదు. సోర్స్ కుటుంబం గురించి అడగకూడదు, అది రూలు.

ఆ పొద్దున లచ్చన్న ఫోన్ చేశాడు. వెనకాల ఫోర్‌మన్ అరుపులు వినిపిస్తున్నాయి.

"భాయ్, ఇంటికాడి ముచ్చట. మా నడిపిది నీళ్లోసుకున్నది."

నడిపిది అంటే నడిమి పిల్ల. నీళ్లోసుకోవడం అంటే కడుపు పండటం. తెలుగు తెలిసిన ఎవడికైనా అదే అర్థమవుతుంది. ఆసిమ్‌కీ అదే అర్థమైంది.

"ముబారక్ అన్నా! తాతవి కాబోతున్నావ్, స్వీట్లెప్పుడు?"

లచ్చన్న నవ్వలేదు. "భాయ్... నడిపిది. నీళ్లోసుకున్నది. జర యాది పెట్టుకో."

"పెట్టుకుంటాలే, పార్టీ ఇయ్యి ముందు!" అని నవ్వి ఆసిమ్ ఫోన్ పెట్టేశాడు.

నిచ్చెన కింద నిలబడి ఆసిమ్ ఇప్పుడు ఆ నవ్వును తిట్టుకున్నాడు. లచ్చన్న భార్య బాలవ్వ నంబరు అతని ఫోన్‌లోనే ఉంది, లచ్చన్న బ్యాలెన్సు అయిపోయినప్పుడల్లా ఆ ఫోన్ నుంచే ఇంటికి చేసేవాడు. చేయకూడదని తెలిసీ ఆసిమ్ ఆ నంబరు నొక్కాడు.

కంపెనీవాళ్లు అప్పటికే ఇంటికి కబురు చెప్పేశారు. కూలీ చస్తే ఏ కంపెనీ కూడా ఇంత చురుగ్గా కబురు పెట్టదు. ఫోన్‌లో నలుగురైదుగురు ఆడవాళ్ల శోకాలు వినిపిస్తున్నాయి.

"ఎవలు సారూ?" అంది బాలవ్వ.

"నేను లచ్చన్న దోస్తునమ్మా, హబీబ్‌ని. ధైర్యం చెప్పడానికి నోరు రావట్లేదు. మీ నడిపి పాపకి మాత్రం మెల్లగా చెప్పండి. అసలే ఆమె ఒట్టి మనిషి కాదు కదా..."

ఏడుపు ఆగింది.

"నడిపి పాప ఎవలు సారూ?"

"మీ రెండో అమ్మాయి..."

"మాకు ఆడివిల్లల్లేరు. ఇద్దరూ పోరగాండ్లే. ఒక్క బిడ్డ గావాలని మస్తు మొక్కిండు, దేవుడియ్యలే." ఆమె గొంతు మారింది. "ఎవల బిడ్డ సారూ గా పిల్ల? అక్కడ ఇంకో సంసారం గిన వెట్టిండా?"

లచ్చన్నకి కూతురే లేదు. ఆమె ప్రశ్న ఆసిమ్ గుండెల్లో దిగింది కానీ, అంతకు ముందే ఇంకోటి దిగింది. క్వారీ కందకంలో మూడు వికర్స్ మెషిన్ గన్లు వరసగా ఉన్నాయి. ఇంట్లో పిల్లల్లా లెక్కపెడితే పెద్దది, నడిపిది, చిన్నది. వికర్స్ గొట్టం చుట్టూ లావుపాటి తొడుగు ఉంటుంది. బతికున్న గన్ గుళ్లు కురిపించేటప్పుడు గొట్టం కాలిపోకుండా ఆ తొడుగులో నీళ్లు పోస్తారు. గ్యాస్ మంటతో ఉత్తుత్తి చప్పుడు చేసే గన్‌కి నీళ్లెందుకు?

లచ్చన్న దాపరికం లేకుండా ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆసిమ్ మాట తెలియక మోసపోలేదు, మరీ బాగా తెలిసి మోసపోయాడు.

"అట్లాంటిదేం లేదమ్మా! నేనే పొరపాటు పడ్డాను. మళ్లీ చేస్తాను, ఒట్టు."

ఆమె ఫోన్ పెట్టేసింది. నమ్మినట్టు లేదు.

వేణుగోపాలరావు అంతా విని మూడు ముక్కల్లో తేల్చేశారు. "అక్కడి అధికారులకి నేను చెబుతాను. షో ఇవాళ సాయంత్రం అసర్ నమాజు అవగానే. వాళ్లు కొండెక్కేలోపు ఆ గన్ పేలకూడదు. ఇంకోటి, సోర్స్ ఇంటికి ఫోన్ చేశావా?"

"చేశాను సర్."

"ఇకమీదట చేయకు."

క్వారీ గేటు దగ్గర ఆసిమ్ టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని నిలబడ్డాడు. షో డైరెక్టర్ నాజియా వచ్చింది. నల్ల పట్టు అబాయా, కళ్లకు సుర్మా, నడుస్తుంటే సెక్యూరిటీ వాళ్లు పనులు మరిచిపోతారు. హైదరాబాదీ. వోల్కర్ ఆమెను తన మనిషి అనుకుంటాడు. ఢిల్లీ ఆమెను తన మనిషి అనుకుంటుంది. నాజియా అన్నది అసలు పేరో కాదో ఎవరికీ తెలియదు.

"మేకప్ టెంట్‌లో కూలింగ్ లేదు. గ్యాస్ అయిపోయిందా?" అంది. అది కోడ్.

"గ్యాస్ కాదు మేడం, ఫిల్టర్," అన్నాడు. అదీ కోడే.

టెంట్‌లోకి వెళ్లాక గొంతు తగ్గించాడు. "నడిమి వికర్స్ బతికుంది. నన్ను దాని పక్కన కూర్చోబెట్టు."

ఆమె ముఖంలో రంగు పోయింది. "యా అల్లా! నాకు చెప్పలేదు వాళ్లు. షో మధ్యలో దూతల్ని కాల్చేసి, సామాన్లు తారుమారయ్యాయని ప్రమాదం కింద తోసేస్తారు." ఇంకేం అడక్కుండా ఖాకీ యూనిఫాం, ఇనప టోపీ తీసి ఇచ్చింది. "గన్నర్ వోల్కర్ మనిషే. రెండో నంబర్ సిపాయి నువ్వు. తూటాల పట్టీ వంకర పోకుండా అందించడమే పని. యల్లా, పద."

కందకంలో యాభై మంది దాకా సిపాయిలు. అందరూ లేబర్ క్యాంపులవాళ్లే, రోజుకూలీకి వచ్చినవాళ్లు. చేతుల్లో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, పేలకుండా లోపలి పిన్ను పీకేసినవి. నూరేళ్ల కిందట కూడా మనవాళ్లనే ఓడల్లో నింపుకొచ్చి, ఇవే రైఫిళ్లు చేతికిచ్చి, ఎవరి యుద్ధమో తెలియని బురదలో నిలబెట్టారు. ఇప్పుడు బురద లేదు, కొండరాయి పొడి ఉంది. మిగతాదంతా అలాగే ఉందనిపించింది ఆసిమ్‌కి. పక్కనున్న కరీంనగర్ మనిషి ఎవరో రైఫిల్‌ని పారలా భుజాన వేసుకుని, "లచ్చన్న ఉంటే ఇయ్యాల మస్తు నవ్వుతుండె," అని ముక్కు తుడుచుకున్నాడు.

ఆసిమ్ నడిమి వికర్స్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తొడుగు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పక్క గన్‌ని వేలితో కొడితే డొల్లగా మోగింది, ఇది మోగలేదు. చెక్కపెట్టెలో మడతలు పెట్టిన కాన్వాస్ పట్టీకి తూటాలు కుట్టినట్టు వరసగా ఉన్నాయి. ప్రతి తూటా మొనకీ గుండు ఉంది.

ఎదుట గుడారం కింద ఆహూతులు అరబ్బు కాఫీ, ఖహ్వా తాగుతున్నారు. దూతలిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకాయన రెండో ఆయనకి ఖర్జూరం అందిస్తున్నాడు. వోల్కర్ మాత్రం గుడారంలో లేడు. దూరంగా కారు పక్కన నిలబడ్డాడు.

విజిల్ మోగింది. అటూ ఇటూ ఉన్న గన్లు ఉత్త మంటలు కక్కాయి. అతిథులు చప్పట్లు కొట్టారు. గన్నర్ పట్టీ కొసను అవతలి నుంచి లాగి, కుడిపక్కనున్న ఇనప పిడిని ముందుకు తిప్పి వదిలాడు. ఆ పిడి పూర్తిగా వెనక్కొచ్చి పడితేనే గన్ పేలుతుంది. ఆసిమ్ అప్పటికే పట్టీలో ఒక తూటాను సగం బయటికి లాగి ఉంచాడు. పిడి మధ్యలో ఇరుక్కుంది.

"సీదా పకడ్, గధే!" గన్నర్ పట్టీని విదిలించి సర్దాడు. మళ్లీ పిడి తిప్పాడు. ఈసారి ఏదీ అడ్డం లేదు. అతని రెండు బొటనవేళ్లూ ట్రిగ్గర్ మీదికి వచ్చాయి.

ఆలోచించే వ్యవధి లేదు. వెనక్కి వస్తున్న పిడి కింద ఆసిమ్ తన చెయ్యి పెట్టేశాడు.

ఎముక విరిగిన చప్పుడు అతనికి ఒక్కడికే వినిపించింది. గన్నర్ నొక్కుతూనే ఉన్నాడు. గన్ పేలలేదు. ఆసిమ్ రెండో చేత్తో ఇనప టోపీ ఊడదీసి అతని మొహం మీద బలంకొద్దీ కొట్టాడు. అప్పటికి మామూలు బట్టల్లో ఉన్న అధికారులు కందకంలోకి దూకారు. ఇదీ షోలో భాగమేననుకుని అతిథులు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వోల్కర్ కారు కొండ మలుపు దాటకముందే ఆపేశారు.

అంబులెన్స్‌లో నాజియా అతని చేతికి కట్టు కట్టిస్తూ పక్కనే కూర్చుంది.

"లచ్చన్న మనవాడని వాళ్లకెలా తెలిసింది?" అడిగాడు ఆసిమ్.

ఆమె అబాయా కొసతో కళ్లు తుడుచుకుంది. సుర్మా చెదిరింది.

"వాళ్లకి అనుమానం వచ్చింది. లోపల ఎవరో ఉన్నారని. నన్నే పట్టేసేవాళ్లు. ఒక పేరు ఇవ్వాల్సి వచ్చింది ఆసిమ్. నీదో, అతనిదో. పనిలోంచి తీసేస్తారనుకున్నా. ఇండియా పంపేస్తారనుకున్నా. ఖుదా కసమ్."

ఆసిమ్‌కి ఆమెను కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. ఆమె అతని ప్రాణాన్ని లచ్చన్న ప్రాణంతో కొన్నది. దాన్ని తిరిగి ఇచ్చేయడం ఎట్లాగో అతనికి తెలియలేదు. ఆస్పత్రి రాగానే ఆమె దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడో ఏదో పేరుతో కనిపిస్తుంది కాబోలు.

వార్డులో ఎడంచేత్తో ఫోన్ తీసి, వద్దన్న నంబరే నొక్కాడు.

"బాలవ్వమ్మా, హబీబ్‌ని. మళ్లీ చేస్తానన్నాగా, నడిపిది అంటే ఎవరో చెప్పడానికి. అది మనిషి కాదు, మిషన్. ఇక్కడ మూడు మిషన్లున్నాయి. నడిమిదానికి నీళ్లు పోసే పని లచ్చన్నకి చెప్పారు. ఆ సంగతే నాకు ఫోన్‌లో చెప్పాడు. నేను తప్పుగా విన్నాను."

"మిషనా?" ఆమె నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. "గాయన గంతే సారూ. ఇంటికాడ ట్రాక్టర్‌కు గుడ పిల్ల పేరే పెట్టిండు. నేనేమో పొద్దటిసంది ఆయన్ని తిట్టుకుంట కూసున్న. శవం రాకముందే నా మొగణ్ని నేను తిట్టుకున్న." కాసేపు ఆగి అడిగింది. "నిజంగనే జారి పడ్డడా సారూ?"

ఆసిమ్‌కి చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ చెప్పే హక్కు లేదు.

"మీవాడు చాలామందిని కాపాడాడమ్మా," అన్నాడు చివరికి. ఆమెకు అది అర్థం కాలేదు. అయినా "మంచిది సారూ" అంది.

రాత్రికి ముందే సెక్యూర్ లైన్ మోగింది. వేణుగోపాలరావు గొంతులో ఎన్నడూ లేని ఉత్సాహం.

"వెల్ డన్! దూతలిద్దరూ క్షేమం, రేపు సంతకాలు యథాతథం. పైవాళ్లు చాలా సంతోషించారు. రిపోర్టు రాయిస్తున్నాను. నువ్వు ఫాల్కన్, ఆవిడ మూన్‌లైట్. పోయిన సోర్స్‌కి కోడ్ నేమ్ ఏమిటి?"

"లచ్చన్న, సర్."

"అది అసలు పేరు కదయ్యా!"

"అవును సర్," అన్నాడు ఆసిమ్. "మన ఆపరేషన్ మొత్తంలో అది ఉన్నది అతనొక్కడికే."